ఎండ వల్ల డీఎన్ఏకి జరిగే నష్టం కొలవాలంటే రక్తం తీసి లాభం లేదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. చెన్నైలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాది చదువుతున్నారు. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పక్కన అపార్ట్‌మెంట్లు కట్టే చోట పనిచేస్తున్న శ్రీకాకుళం, విజయనగరం కూలీలు ముప్పై మంది, అదే రోడ్డు మీద ఏసీ ఆఫీసుల్లో కూర్చునే ఐటీ ఉద్యోగులు ముప్పై మంది. అందరి దగ్గరా రక్తం తీసుకుని కామెట్ ఆసే (కణాల్లో తెగిన డీఎన్ఏని చూపించే పరీక్ష) చేసి, ఎండ వల్ల డీఎన్ఏ ఎంత దెబ్బతిన్నదో తేల్చాలనుకుంటున్నారు. ఎన్ని మిల్లీలీటర్లు తీయాలి, ఏ కిట్ కొనాలి, మే నెల ఎండల్లోనే చేయాలా అని అడిగారు.

నేను బెంగళూరులో డీఎన్ఏ నష్టం, మరమ్మతుల మీద పనిచేసే ల్యాబులో చాలా ఏళ్లుగా ఉన్నాను. కిట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు రక్తం తీసే ఆలోచన ఆపండి. ఈ ప్రయోగం మీరనుకున్నట్టే నూటికి నూరుపాళ్లు సవ్యంగా చేసినా, వచ్చే సమాధానం ఎండ గురించి మాత్రం కాదు.

ఎందుకో చెబుతాను. సూర్యుడి అతినీలలోహిత కిరణాల్లో యూవీసీ (280 నానోమీటర్ల లోపుది) ఓజోన్ పొరలోనే ఆగిపోతుంది. నేలకు చేరేది యూవీబీ (280–315), యూవీఏ (315–400). చేరేదాంట్లో దాదాపు 95 శాతం యూవీఏనే. కానీ డీఎన్ఏ నేరుగా పీల్చుకునేది ప్రధానంగా యూవీబీని. ఆ యూవీబీ చాలామటుకు చర్మం పై పొర ఎపిడెర్మిస్‌లోనే ఇంకిపోతుంది, అక్కడ రక్తనాళాలే ఉండవు. యూవీఏ కొంత లోతుకు, కింది పొర డెర్మిస్‌లోని సన్నని రక్తనాళాల దాకా వెళ్తుంది, నిజమే. అయితే అక్కడ ఒక్క క్షణం ఉండి దాటిపోయిన తెల్ల రక్తకణం ఒంట్లోని మొత్తం రక్తంలో కలిసిపోతుంది. మీరు మోచేతి దగ్గర సిరంజితో తీసిన రక్తంలో ఆ ఎండ జాడ ఎంత ఉంటుంది?

అయినా మీకు రెండు గుంపుల మధ్య తేడా వస్తుంది. అసలు ప్రమాదం అదే. కూలీల్లో బీడీ, గుట్కా అలవాటు ఉన్నవాళ్లు ఉంటారు. సిమెంటు దుమ్ము, జనరేటర్ పొగ, రోడ్డు మీది బండ్ల పొగ పీలుస్తారు. నిద్ర తక్కువ, ఒళ్లు హూనమయ్యే పని, తిండి అంతంతమాత్రం. వీటిలో ప్రతిదానికీ రక్తకణాల డీఎన్ఏని దెబ్బతీసే శక్తి ఉంది. తేడా కనిపించగానే దాన్ని ఎండ ఖాతాలో రాసేస్తారు, గైడ్ సంతకం పెడతారు, అది నిజమైపోతుంది. ఇలాంటి పేపర్లు చదివినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే రక్తం ఇచ్చిన మనుషులు నమ్మి ఇచ్చారు.

రెండో ఇబ్బంది కామెట్ ఆసేతోనే. ఈ పద్ధతికి 1984లో స్వీడన్‌లో ఓస్ట్లింగ్, యోహాన్సన్ దారి వేశారు. ఇప్పుడు మనందరం వాడే క్షార పద్ధతిని 1988లో అమెరికాలో నరేంద్ర పి. సింగ్ బృందం ప్రచురించింది. కణాలను పల్చటి అగరోజు అనే జెల్లీలో పరిచి, పొరలూ ప్రోటీన్లూ కరిగించేసి, పీహెచ్ 13 దాటిన ద్రావణంలో నానబెట్టి కరెంటు పెడితే, తెగిన డీఎన్ఏ ముక్కలు పాజిటివ్ వైపు తోకలా సాగుతాయి. అంటే ఈ పద్ధతి చూడగలిగేది తెగిన పోగులనీ, క్షారం తగిలితే తెగిపోయే బలహీనమైన చోట్లనీ.

ఎండ చేసే ముఖ్యమైన నష్టం తెగడం కాదు, అతుక్కోవడం. డీఎన్ఏ పోగులో పక్కపక్కన ఉన్న రెండు పిరిమిడిన్లు, అంటే డీఎన్ఏ అక్షరాల్లో థైమిన్ గానీ సైటోసిన్ గానీ, యూవీబీ తగిలినప్పుడు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఎక్కువగా ఏర్పడే రకాన్ని సైక్లోబ్యూటేన్ పిరిమిడిన్ డైమర్, పొట్టిగా సీపీడీ అంటాం. రెండో రకం 6-4 ఫోటోప్రొడక్ట్, ఇది అంతకన్నా తక్కువగా ఏర్పడుతుంది. రెండింటిలోనూ పోగు తెగదు. కాబట్టి కణంలో సీపీడీలు కుప్పలుగా ఉన్నా మామూలు కామెట్ స్లైడు మీద కేంద్రకం గుండ్రంగా, శుభ్రంగా, తోక లేకుండా కనిపించవచ్చు. కనిపించే కాస్త తోక కూడా చాలావరకు కణం ఆ డైమర్లను కత్తిరించి బాగుచేసుకునేటప్పుడు తాత్కాలికంగా తెగిన చోట్ల వల్లే. ఎక్కువ తోక ఉందంటే మరమ్మతు చురుగ్గా జరుగుతోందని కూడా అర్థం కావచ్చు.

దీనికి విరుగుడు ఉంది. లైసిస్ (కణం పొరలు కరిగించడం) అయ్యాక, క్షారంలో పెట్టే ముందు, స్లైడు మీద టీ4 ఎండోన్యూక్లియేజ్ ఫైవ్ అనే ఎంజైమ్ వేయాలి. కేటలాగుల్లో టీ4 పీడీజీ అనే పేరుతోనూ దొరుకుతుంది. అది సీపీడీ ఉన్న చోట పోగును కోస్తుంది, అప్పుడు తోక వస్తుంది. ఎంజైమ్ వేసిన స్లైడుకీ, వేయకుండా బఫర్ మాత్రమే వేసిన స్లైడుకీ మధ్య తేడాయే మీకు కావాల్సిన అంకె. యూవీఏ వల్ల వచ్చే ఆక్సీకరణ నష్టం, ముఖ్యంగా 8-ఆక్సోగ్వానిన్, చూడాలంటే ఎఫ్‌పీజీ అనే ఇంకో ఎంజైమ్ ఉంది. కాకపోతే 8-ఆక్సోగ్వానిన్‌ను బట్టి ఎండ అని చెప్పలేం. పొగ తాగినా పెరుగుతుంది, ఒంట్లో వాపు ఉన్నా పెరుగుతుంది, ఫినాల్‌తో డీఎన్ఏ తీసేటప్పుడు ట్యూబులోనే పెరుగుతుంది. సీపీడీ అలా కాదు, అది కాంతి తగిలితేనే వస్తుంది.

ఇక అసలు కొలవాల్సింది ఏమిటన్న ప్రశ్న. "ఎండ ప్రభావం" అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు ఉన్నాయి. ఒంటి మీద పడిన కాంతి ఎంత? దానివల్ల కొత్తగా ఏర్పడి ఇంకా బాగుపడని నష్టం ఎంత? బాగుపడకుండానే కణం విభజన జరిగి శాశ్వతంగా మిగిలిపోయిన మ్యుటేషన్లు (డీఎన్ఏ రాతలో మార్పులు) ఎన్ని? మొదటిది నిమిషాల లెక్క, రెండోది గంటలూ రోజుల లెక్క, మూడోది ఏళ్ల లెక్క. మీరు ఏది కొలుస్తున్నారో మొదటి పేజీలోనే తేల్చుకోకపోతే చివరి పేజీ దాకా గందరగోళమే.

మొదటిదాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. "మే నెల, రోజుకి ఎనిమిది గంటలు ఎండలో" అని ప్రశ్నావళిలో టిక్కు పెట్టించి వదిలేస్తారు. ఒక లెక్క చూడండి. యూవీ ఇండెక్స్ ఒకటి అంటే, చర్మాన్ని ఎర్రబరిచే శక్తిని బట్టి తూకం వేసిన కాంతి చదరపు మీటరుకు 25 మిల్లీవాట్లు. ఇండెక్స్ 12 అయితే 300 మిల్లీవాట్లు. ఎస్‌ఈడీ అనే ప్రామాణిక మోతాదు చదరపు మీటరుకు 100 జౌళ్లు. అంటే ఇండెక్స్ 12 ఉన్న మధ్యాహ్నం సుమారు ఐదున్నర నిమిషాలకు ఒక ఎస్‌ఈడీ. బాగా తెల్లగా ఉండే చర్మం కందిపోవడానికి రెండు మూడు ఎస్‌ఈడీలు చాలు, మన చర్మానికి అంతకు చాలా ఎక్కువ కావాలి. కానీ ఇది అడ్డంగా పరిచిన తలం మీద పడే కాంతి లెక్క. చెన్నై 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ చివరి వారంలోనూ, ఆగస్టు మధ్యలోనూ సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు నిటారుగా నిలబడ్డ మనిషికి భుజాలు, చెవి పైఅంచులు, ముక్కు దూలం మీద ఎక్కువ పడుతుంది, బుగ్గల మీద అంతగా పడదు. వంగి ఇటుకలు పేర్చే మేస్త్రీకి మెడ వెనక, వీపు, ముంజేతుల మీద పడుతుంది. పైగా వీళ్లు తలకు తువ్వాలు చుట్టుకుంటారు, ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటారు, మధ్యాహ్నం రెండు గంటల సేపు పరంజా నీడలో పడుకుంటారు. ఎనిమిది గంటల టిక్కులో ఇవేవీ ఉండవు.

అందుకే పాలీసల్ఫోన్ ఫిల్మ్ బ్యాడ్జీలు వాడండి. 1970ల నుంచి వాడుకలో ఉన్న చవకైన, నమ్మదగిన పద్ధతి. పల్చటి ప్లాస్టిక్ ముక్కను అట్ట చట్రంలో పెట్టి భుజానికి, మెడ వెనక, ముంజేతికి అంటించాలి. యూవీ తగిలేకొద్దీ దాని శోషణ మారుతుంది. పెట్టే ముందు, తీసిన తర్వాత 330 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చదివితే మోతాదు తెలుస్తుంది. మన ఎండకి రోజంతా ఒకే ఫిల్మ్ ఉంచితే నిండిపోతుంది, మధ్యాహ్నానికి మార్చాలి. క్యాలిబ్రేషన్ కూడా చెన్నై ఎండలోనే, రేడియోమీటర్ పక్కన పెట్టుకుని చేయాలి.

ఇక్కడ ఒక మాట. వేడిని చూసి యూవీని అంచనా వేయకండి. బెంగళూరు, చెన్నై దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ప్రతి వెయ్యి మీటర్లకూ యూవీ సుమారు పది శాతం పెరుగుతుంది. ఇక్కడ మార్చి నెలలో చల్లగాలికి ఎండ హాయిగా ఉందని లాల్‌బాగ్‌లో మధ్యాహ్నం పూట కూర్చునే వాళ్లకి, అదే సమయంలో మెరీనాలో చెమటలు కక్కుతున్న వాళ్లకన్నా ఎక్కువ యూవీ పడుతుండవచ్చు. అలాగే కారులో అద్దాలు ఎత్తుకుని కూర్చుంటే యూవీబీ దాదాపుగా రాదు, కానీ పక్క అద్దంలోంచి యూవీఏ బాగానే వస్తుంది. 28 ఏళ్లు లారీ నడిపిన 69 ఏళ్ల అమెరికన్ డ్రైవర్ ముఖం ఫోటో 2012లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. కిటికీ వైపున్న ఎడమ సగం ముడతలు పడి ఎంతో ముసలిగా, కుడి సగం మామూలుగా ఉంటుంది. మీ ఐటీ గుంపులో క్యాబ్‌లో రెండేసి గంటలు తిరిగేవాళ్లు ఉంటారు కదా, వాళ్లని "ఎండ సోకని గుంపు" అనేముందు ఆలోచించండి.

రెండోది, తాజా నష్టం. దీనికి సూర్యుడు తాకిన చర్మమే కావాలి. దెబ్బ మోకాలికి తగిలితే మోచేతికి కట్టు కట్టం కదా. చర్మ వైద్యులు మూడు నాలుగు మిల్లీమీటర్ల పంచ్ బయాప్సీ (గుండ్రంగా కోసిన చిన్న చర్మం ముక్క) తీస్తారు, అందులో సీపీడీని గుర్తుపట్టే యాంటీబాడీతో రంగు వేస్తే ఏ లోతులో ఎంత ఉందో కంటికి కనిపిస్తుంది. కచ్చితమైన అంకె కావాలంటే మాస్ స్పెక్ట్రోమెట్రీ, అంటే అణువులను బరువును బట్టి గుర్తించే పద్ధతి. పోలిక వేరే మనిషితో కాదు, అదే మనిషి ముంజేతి బయటి వైపుకీ ఎండ సోకని పిరుదు చర్మానికీ మధ్య. అప్పుడు బీడీ, తిండి, నిద్ర అన్నీ రెండు నమూనాలకూ సమానమైపోతాయి. మీ డిజైన్‌లో నేను ఒక్కటే మార్చమంటే ఇదే మార్చమంటాను.

సమయం కూడా నమోదు చేయాలి. 6-4 రకాన్ని మన కణాలు కొద్ది గంటల్లో తీసేస్తాయి. సీపీడీలో సగం పోవడానికే ఒక రోజు దాకా పడుతుంది. ఆదివారం సెలవు తర్వాత సోమవారం పొద్దున్న తీసిన నమూనా, శనివారం సాయంత్రం తీసిన నమూనా ఒకటి కావు. పైగా కథ ఎండ దిగగానే ముగియదు. మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం) ఉన్న కణాల్లో యూవీఏ తగిలాక చీకట్లో కూడా మూడు గంటలకు పైగా సీపీడీలు ఏర్పడుతూనే ఉంటాయని 2015లో యేల్ విశ్వవిద్యాలయం బృందం చూపించింది. మనల్ని కాపాడుతుందని చెప్పుకునే మెలనినే అందులో పాత్రధారి. అలాగని మెలనిన్ కాపాడదని కాదు. నల్లటి చర్మంలో, మ్యుటేషన్లు వస్తే ప్రమాదమైన అడుగు వరుస కణాల్లో డైమర్లు చాలా తక్కువ, పైవరుసల్లో ఉంటాయి. తగ్గుతుందన్నది నిజం, ఉండనే ఉండదన్నది అబద్ధం.

బయాప్సీకి మీ కాలేజీలో వీలు కాదనుకుంటాను. కోయకుండా చేసే దారి మూత్రం. కణం డైమర్ ఉన్న చిన్న ముక్కను కత్తిరించి బయటకు పారేస్తుంది, అది చివరికి మూత్రంలో థైమిన్ డైమర్‌గా కనిపిస్తుంది. ఒక్కసారి ఎండలో గడిపితే సుమారు మూడు రోజుల తర్వాత అది గరిష్ఠానికి వస్తుంది. మంచి మాస్ స్పెక్ట్రోమీటర్, దాన్ని నడపడం తెలిసిన మనిషి కావాలి. క్రియాటినిన్‌తో (కండరాల నుంచి మూత్రంలోకి వచ్చే వ్యర్థం) సరిచేయడం తప్పనిసరి, ఎందుకంటే మధ్యాహ్నం ఎండలో చెమటోడ్చిన కూలీ మూత్రం చిక్కగా ఉంటుంది. అతని కండపుష్టి వల్ల క్రియాటినిన్ కూడా ఆఫీసు ఉద్యోగికన్నా ఎక్కువే ఉండవచ్చు. అదీ గుర్తు పెట్టుకోండి.

మూడోది, శాశ్వత ముద్ర. పిరిమిడిన్లు పక్కపక్కన ఉన్న చోట సైటోసిన్ థైమిన్‌గా, జంట సైటోసిన్లు జంట థైమిన్లుగా మారడం యూవీ సంతకం. 2015లోనే కనురెప్ప శస్త్రచికిత్సలో తీసేసిన మామూలు చర్మాన్ని నలుగురి నుంచి తీసుకుని 234 చిన్న ముక్కలుగా, 74 జన్యువుల్లో చదివారు. క్యాన్సర్ లేని ఆ చర్మంలోనే 18 నుంచి 32 శాతం కణాల్లో క్యాన్సర్ వైపు నడిపించే మ్యుటేషన్లు దొరికాయి. అద్భుతమైన పని, కానీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు బడ్జెట్‌లో జరిగేది కాదు.

మరి మీరేం చేయాలి? నా సలహా వింటే మనుషుల జోలికి వెళ్లకుండా ఒక నెలలో శుభ్రమైన ప్రయోగం చేయవచ్చు. ఎథిక్స్ కమిటీ టెన్షన్ కూడా ఉండదు. పీబీఆర్322 ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో ఉండే గుండ్రటి చిన్న డీఎన్ఏ) తీసుకోండి, 4361 బేస్ జతలు. ఫాస్ఫేట్ బఫర్‌లో కలిపి, మూత లేని చిన్న గిన్నెల్లో పల్చటి పొరగా పోసి, ఐసు మీద పెట్టి కాలేజీ మేడ మీద ఎండలో ఉంచండి. పది, ఇరవై, నలభై నిమిషాలు. పక్కనే అదే ఐసు మీద రేకు చుట్టిన గిన్నె ఒకటి, మామూలు కిటికీ అద్దం ముక్క కప్పిన గిన్నె ఒకటి. ప్లాస్టిక్ కల్చర్ ప్లేటు మూత మాత్రం పెట్టకండి, ఆ పాలీస్టైరీన్ మీకు కావాల్సిన యూవీబీనే మింగేస్తుంది. నీరు ఆవిరైతే చిక్కబడుతుంది, తూచి నింపుకోండి. పక్కన ఒక పాలీసల్ఫోన్ ఫిల్మ్ ఉంచండి.

తర్వాత ప్రతి నమూనాను రెండుగా చేసి, ఒక సగంలో టీ4 ఎంజైమ్ వేసి అగరోజు జెల్ మీద నడపండి. చెక్కుచెదరని ప్లాస్మిడ్ మెలిపడి బిగుతుగా ఉంటుంది, వేగంగా పరుగెడుతుంది. ఒక్క కోత పడ్డా వదులై వెనకబడుతుంది. ఎంజైమ్ లేని వరుసలో బ్యాండ్లు పెద్దగా కదలవు, ఎంజైమ్ ఉన్న వరుసలో నిమిషాలు పెరిగేకొద్దీ కింది బ్యాండు పల్చబడి పైది చిక్కబడుతుంది. అద్దం కింద ఉన్నదానిలో ఆ మార్పు చాలా తక్కువ ఉంటుంది. అంకె కావాలంటే మిగిలిన బిగుతు ప్లాస్మిడ్ భాగానికి సహజ లాగరిథమ్ తీసి గుర్తు మార్చండి, ఒక్కో అణువుకు సగటు డైమర్లు వస్తాయి. 37 శాతం మిగిలిందంటే సగటున అణువుకొకటి, అంటే 4361 బేస్ జతలకు ఒకటి. బిగుతు రూపం ఎథిడియం రంగును కాస్త తక్కువ పట్టుకుంటుంది, దానికి సరిదిద్దే గుణకం వాడండి. మోతాదు ఎస్‌ఈడీల్లో ఒక అక్షం మీద, డైమర్లు ఇంకో అక్షం మీద పెట్టి గీత గీస్తే, కొలిచిన ఎండకూ కొలిచిన నష్టానికీ నేరుగా సంబంధం చూపించినట్టే.

అది కుదిరాక మానవ కణాలకు వెళ్లండి. చాలామంది హాకాట్ అనే మానవ చర్మ కణాలు తెచ్చుకుంటారు. పనికొస్తాయి కానీ వాటిలో క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 జన్యువు ముందే యూవీ తరహా మ్యుటేషన్లతో చెడిపోయి ఉంది, మరమ్మతు గురించి వాటితో పెద్ద మాటలు చెప్పకండి. ఎండలో పెట్టేటప్పుడు ఎర్ర రంగున్న మీడియం (కణాలు పెంచే ద్రవం) తీసేసి పీబీఎస్ (ఉప్పు కలిపిన ఫాస్ఫేట్ బఫర్) పోయండి, చల్లగా ఉంచండి. లేకపోతే మీరు కొలిచేది చెన్నై వేడికి ఉడికిన కణాలనే. మీరు అడిగిన కామెట్ ఆసేను ఎంజైమ్‌తో కలిపి ఇక్కడ చేయండి, కిట్ లేకుండా విడి రసాయనాలతోనే. స్లైడు నంబర్లు స్నేహితురాలి చేత మార్పించి, ఏది ఏదో తెలియకుండా లెక్కపెట్టండి. ఒక స్లైడు మీద వంద కణాలు చూశారని మీ నమూనా సంఖ్య వంద కాదు, గిన్నెకొకటే.

కూలీలతో పనిచేయాలన్న మీ కోరిక మాత్రం వదులుకోకండి. మీరు వాళ్ల భాష మాట్లాడతారు, చెన్నైలో అది చిన్న విషయం కాదు. బ్యాడ్జీల అధ్యయనం ఒక్కటి చాలు, ఎవరి భుజాన ఎంత ఎండ పడుతోందో కొలిచి చూపించండి. బ్యాడ్జీకి కూడా ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో సమ్మతి పత్రం కావాలి. చదవలేని వాళ్ల విషయంలో వేలిముద్రతో పాటు మీ బృందానికి సంబంధం లేని సాక్షి ఉండాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ సాక్షి మేస్త్రీయో కాంట్రాక్టరో కాకుండా చూడండి, వాళ్ల ముందు ఆ కుర్రాళ్లు కాదనలేరు. ఇంకోటి, సినాప్సిస్‌లో "ఎండ వల్ల మన కూలీలకు మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) ముప్పు" అని రాశారు, ఆ వాక్యం తీసేయండి. మన చర్మంలో మెలనోమా అరుదు, వచ్చేది కూడా తరచుగా అరికాళ్లలో, గోళ్ల కింద, ఎండతో పెద్దగా సంబంధం లేని చోట. వాళ్లని నిజంగా ఇబ్బంది పెట్టేవి వడదెబ్బ, కంటి శుక్లాలు.

మే దాకా ఆగక్కర్లేదు. ఆకాశం నిర్మలంగా ఉంటే మార్చికే చెన్నైలో మధ్యాహ్నపు యూవీ తీవ్రంగా ఉంటుంది, పది గంటలకు గిన్నెలు మేడ మీదకు ఎక్కించి రెండింటికల్లా దించేయవచ్చు. ఎంజైమ్ ఆర్డరు ఇప్పుడే పెట్టండి, చల్లగా రావాల్సిన సరుకు కాబట్టి సెలవుల ముందు రోజు కొరియర్‌లో ఇరుక్కోకుండా చూసుకోండి.